చిన్న గుండు, పెద్ద శక్తి: మరుగున పడిన ఒక తూటా కథ

అయిదు గుండ్ల రివాల్వర్‌లో ఆరవదానికి చోటు చేసిన .327 ఫెడరల్ మాగ్నమ్‌ను ఎరిగినవారు మెచ్చుకున్నారు. కొనవలసినవారు మాత్రం చాలాకాలం పట్టించుకోలేదు. ఎందువల్ల?

గురి నేర్పే మైదానాలలో శిక్షకులు ఒక చిన్న పరీక్ష పెడుతుంటారు. రివాల్వర్‌లోని కొన్ని అరలలో నిజమైన తూటాలు, మరికొన్నింటిలో పేలిపోయిన ఖాళీ తొడుగులు ఉంచి, సిలిండర్‌ను ఒకసారి తిప్పి అభ్యాసి చేతికిస్తారు. ఏ అరలో ఏమున్నదో అతనికి తెలియదు. మొదటి తూటా పెద్ద శబ్దంతో పేలుతుంది. పిడి అరచేతిని తన్నుతుంది. రెండవసారి మీట నొక్కినప్పుడు సుత్తి ఖాళీ తొడుగుపై 'టిక్కు'మని పడుతుంది. సరిగా ఆ క్షణంలో, పేలుడు ఏమీ లేకపోయినా, గొట్టం మొన గభాలున కిందికి వంగుతుంది. అభ్యాసి కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటాయి.

రాబోయే తన్నుకు శరీరం ముందుగానే జడుస్తుంది. గుండు ఇంకా గొట్టం దాటకముందే మణికట్టు దానికి ఎదురుపోరు మొదలుపెడుతుంది. గురి తప్పడానికి కారణం చాలా సందర్భాలలో కన్ను కాదు, ఈ భయమే. ఆయుధం ఎంత శక్తివంతమైనదైతే ఈ భయం అంత ఎక్కువ. ఆయుధం ఎంత తేలికైనదైతే తన్ను అంత తీవ్రం. జేబులో ఇమిడేంత చిన్నదిగా ఉండాలి, ఆపదలో అక్కరకు వచ్చేంత బలమైనదిగా ఉండాలి, సామాన్యమైన చేయి భరించగలిగినంత మృదువుగా ఉండాలి అని కోరుకోవడం అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నట్టే. చిన్న రివాల్వర్లను తయారుచేసేవారిని నూరేళ్ళకు పైగా వేధించిన చిక్కు ఇదే.

ఆ చిక్కుకు దొరికిన సమాధానాలలో చాలా తెలివైనదీ, అతి తక్కువ ప్రసిద్ధి పొందినదీ అయిన ఒక తూటా 2007 చివర అమెరికాలో ప్రకటితమై, మరుసటి సంవత్సరం అంగళ్ళకు చేరింది. దాని పేరు .327 ఫెడరల్ మాగ్నమ్.

నాలుగు తరాల వంశం

ఈ తూటా ఆకాశం నుంచి ఊడిపడలేదు. దీనికి నాలుగు తరాల వంశవృక్షం ఉన్నది.

మూలపురుషుడు 1878 నాటి .32 స్మిత్ అండ్ వెసన్. నల్ల తుపాకిమందు కాలపు తూటా అది. దాని ఇత్తడి తొడుగు పొడవు పదిహేనున్నర మిల్లీమీటర్లు మాత్రమే. కోటు జేబులో పెట్టుకునే బుల్లి రివాల్వర్ల కోసం పుట్టింది. శక్తి స్వల్పం, వెల చౌక.

1896లో అదే కంపెనీ తొడుగును ఇరవైమూడు మిల్లీమీటర్లకు పైగా సాగదీసి .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్‌ను తెచ్చింది. అది మంచి పేరు తెచ్చుకున్న సంతానం. అదే సంవత్సరంలో న్యూయార్కు నగర పోలీసు మండలికి అధ్యక్షుడుగా ఉన్న థియొడోర్ రూజ్‌వెల్ట్, తన బలగానికంతటికీ ఒకే ఆయుధం ఉండాలని తలపోసి, .32 కొలతగల కోల్ట్ న్యూ పోలీస్ రివాల్వర్‌ను ఎంపిక చేశాడు. ఆయన తరువాత దేశాధ్యక్షుడయ్యాడు. .32 మాత్రం క్రమంగా .38కి చోటిచ్చి పోలీసుల నడుము నుంచి తప్పుకుంది.

అయితే దాని కీర్తి మరొక చోట నిలిచింది. .32 లాంగ్‌కు ఉన్న సహజమైన సూటిదనం గురికాండ్రను ఆకర్షించింది. కాగితంపై గుండ్రని రంధ్రం చక్కగా పడేటట్టు మొద్దు మొనగల గుండును అమర్చిన ఈ తూటా, ఇరవైఅయిదు మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలలో నేటికీ ప్రపంచమంతటా మన్నన పొందుతూ ఉన్నది. 1994లో హిరోషిమా ఆసియా క్రీడలలో జస్పాల్ రాణా భారతదేశానికి స్వర్ణపతకం సాధించిపెట్టినది ఈ సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలోనే. 2006లో దోహాలో అదే పోటీలో ఆయన 590 పాయింట్లతో అప్పటి ప్రపంచ రికార్డును సమం చేశాడు.

మూడవ తరం 1984లో పుట్టింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వుస్టర్‌లో 1871లో నెలకొన్న హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ కంపెనీ, తూటాలు తయారుచేసే ఫెడరల్ కంపెనీతో చేతులు కలిపి .32 లాంగ్‌ను మరో నాలుగు మిల్లీమీటర్లు పొడిగించింది. ఫలితం .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్. అయిదున్నర గ్రాముల గుండును సెకనుకు సుమారు 335 మీటర్ల వేగంతో పంపగలిగింది. తల్లి తూటాతో పోలిస్తే రెట్టింపు శక్తి. కాని పేరులో 'మాగ్నమ్' ఉన్నా దాని లోపలి పీడనాన్ని మితంగానే ఉంచారు. పైగా కన్నతల్లి వంటి కంపెనీయే 1986లో మూతపడింది. రెండేళ్ళ పసిబిడ్డ అనాథ అయింది. రూగర్ వంటి ఇతర కంపెనీలు అడపాదడపా చేరదీయకపోతే ఆ కథ అక్కడితోనే ముగిసేది.

ఇరవై మూడేళ్ళ తరువాత ఫెడరల్ కంపెనీ పాత ఆలోచనను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఈసారి తోడు రూగర్. తొడుగు పొడవును ముప్పై మిల్లీమీటర్లకు పైగా పెంచారు; దాని గోడలను బలపరిచారు; పీడనం విషయంలో మొహమాటం విడిచిపెట్టారు. .32 లాంగ్‌కు నిర్ణయించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 15,000 పౌన్లు. .327కు నిర్ణయించినది 45,000 పౌన్లు. సుప్రసిద్ధమైన .357 మాగ్నమ్‌కు సైతం ఈ హద్దు 35,000 మాత్రమే.

పేరులోని మతలబు

పాఠకులు ఇక్కడ ఒక చమత్కారాన్ని గమనించాలి. పేరులో 327 ఉన్నది గాని ఈ గుండు అడ్డుకొలత ఒక అంగుళంలో .327 వంతు కాదు. దాని తాతముత్తాతల మాదిరిగానే .312 వంతు, అంటే దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు. .32 అనే పేరు కూడా ఇంచుమించు లెక్కే. .327 అన్నది .357ను జ్ఞప్తికి తెచ్చేందుకు పెట్టిన పేరులాగే వినిపిస్తుంది.

'మాగ్నమ్' అన్నది లాటిన్ మాట. 'గొప్పది' అని అర్థం. మామూలు సీసాకు రెట్టింపు పట్టే ద్రాక్షసారాయి సీసాను ఆ పేరుతో పిలిచేవారు. అక్కడినుంచి తుపాకుల లోకానికి వలస వచ్చింది. రివాల్వర్లలో ఆ పేరును స్థిరపరిచినది 1935లో వచ్చిన .357 మాగ్నమ్. 1950లలో .44 మాగ్నమ్ వచ్చింది. 1971లో 'డర్టీ హారీ' అనే హాలీవుడ్ చిత్రం దానిని ఇంటింటి మాటగా చేసింది. నాటినుంచి మాగ్నమ్ అంటే భారీ గుండు, భారీ మోత అనే అభిప్రాయం జనంలో పాతుకుపోయింది. సన్నని గుండు కూడా మాగ్నమ్ కావచ్చునన్న మాట చాలామంది చెవికెక్కలేదు.

లెక్క ఏమి చెబుతుంది?

గుండు ముందుకు పోయేటప్పుడు తుపాకి వెనక్కి తన్నడం ప్రకృతి ధర్మం. న్యూటన్ మూడవ సూత్రానికి నిత్య నిదర్శనం. అయితే ఒక సూక్ష్మం ఉన్నది. గుండు చేసే పనిని కొలిచే శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. చేతికి తగిలే తన్నును నిర్ణయించే ద్రవ్యవేగం వేగంతో మాత్రమే పెరుగుతుంది. కనుక బరువు తగ్గించి వేగం పెంచితే, శక్తిని పెద్దగా కోల్పోకుండానే తన్నును తగ్గించవచ్చు. .327 వెనుక ఉన్న రహస్యమంతా ఇదే.

అంకెలలో చూస్తే సంగతి తేటపడుతుంది. ప్రామాణికమైన .357 మాగ్నమ్ తూటా పది గ్రాములకు కాస్త పైబడిన గుండును సెకనుకు సుమారు 378 మీటర్ల వేగంతో పంపుతుంది. దాని శక్తి 730 జౌళ్ళు. .327 తూటాలలో ఒకటి ఆరున్నర గ్రాముల గుండును, తయారీదారుల ప్రకటన ప్రకారం, సెకనుకు 457 మీటర్ల వేగంతో పంపుతుంది. దాని శక్తి సుమారు 675 జౌళ్ళు. తేడా పది శాతం లేదు. ద్రవ్యవేగం మాత్రం దాదాపు నాలుగవ వంతు తక్కువ. మరొక కొలబద్ద కూడా ఉన్నది: దశాబ్దాల పాటు అమెరికా పోలీసుల చేతిలో ఉన్న సాధారణ .38 స్పెషల్ తూటా శక్తి సుమారు 270 జౌళ్ళు.

ఈ అంకెలు పొడవైన గొట్టంలో కొలిచినవి. జేబు రివాల్వర్‌కుండే చిన్న గొట్టంలో వేగం తగ్గుతుంది. గుండుతోబాటు బయటికి ఎగదన్నే వాయువులు కూడా తన్నులో తమ వంతు చేరుస్తాయి. కనుక లెక్కలో కనిపించినంత లాభం ప్రతిసారీ చేతికి తెలియకపోవచ్చు. దిశ మాత్రం తప్పుకాదు.

ఆరవ అర

ఈ తూటాకు ఉన్న రెండవ సుగుణం దాని సన్నదనం. చిన్న రివాల్వర్ సిలిండర్‌లో .38 గాని .357 గాని అయితే అయిదు మాత్రమే పడతాయి. అంతే వ్యాసం గల సిలిండర్‌లో .327 అయితే ఆరు పడతాయి. 2008లో ఈ తూటాతో పాటే వచ్చిన రూగర్ ఎస్‌పి 101 రివాల్వర్ ఆరు అరలతో వెలువడింది. తరువాత వచ్చిన పెద్ద నమూనాలలో ఏడు, ఎనిమిది అరలవి కూడా ఉన్నాయి. ఒక్కటి ఎక్కువైతే ఏమి ఒరిగిందని అడగవచ్చు. అయిదింటి మీద ఒకటి అంటే ఇరవై శాతం ఎక్కువ. రివాల్వర్ వంటి పరిమిత యంత్రంలో అది చిన్న సంగతి కాదు.

మూడవ సుగుణం మరింత ఆసక్తికరమైనది. నాలుగు తరాల తూటాలూ ఒకే అడ్డుకొలతతో, అంచుగల తొడుగుతో ఉండి, పొడవులో మాత్రమే తేడా పడతాయి. అందుచేత .327 కోసం తయారైన రివాల్వర్‌లో వంశంలోని మిగిలిన మూడూ పేలుతాయి. ముత్తాతనూ మునిమనుమడినీ ఒకే పీటమీద కూర్చోబెట్టవచ్చునన్నమాట. కొత్తగా నేర్చుకునేవారు నెమ్మదైన .32 లాంగ్‌తో మొదలుపెట్టి, చేయి కుదిరాక .32 హెచ్ అండ్ ఆర్‌కు, ఆపైన .327కు మెట్టు మెట్టుగా ఎక్కవచ్చు. మొదట చెప్పిన పరీక్షలో కళ్ళు మూసుకునే అభ్యాసికి ఇంతకంటె మంచి ఔషధం లేదు. భయం ఒకసారి అలవాటైతే వదిలించడం కష్టం. అసలు అలవాటు కానివ్వకపోవడమే సులభం.

దీనికి విపర్యయం మాత్రం ఎన్నటికీ పనికిరాదు. పాత .32 రివాల్వర్‌లో .327ను వాడరాదు. తొడుగును ప్రతి తరంలోనూ పొడిగించడానికి ఒక ముఖ్యమైన కారణం ఇదే. ఎక్కువ పీడనం గల తూటా తక్కువ బలం గల అరలో పట్టకుండా ఆ అదనపు మిల్లీమీటర్లే కాపలా కాస్తాయి.

అడవిలో, పొలంలో కూడా దీనికి ఉపయోగం కనుగొన్నవారున్నారు. వేగం ఎక్కువ కావడంవల్ల గుండు చాలా దూరం వరకు తిన్నగా పోతుంది. హెన్రీ కంపెనీ ఈ తూటాకు సరిపడే లీవర్ రైఫిల్‌ను సైతం తయారుచేసింది. పొడవైన గొట్టంలో మందు పూర్తిగా మండి వేగం ఇంకా పెరుగుతుంది.

మచ్చలు కూడా ఉన్నాయి

ఇన్ని సుగుణాలున్న తూటా ఎందుకు జగద్విఖ్యాతం కాలేదు?

మొదటి దోషం మోత. 45,000 పౌన్ల పీడనం చిన్న గొట్టం చివర ఒక్కసారిగా విడుదలైనప్పుడు వచ్చే ధ్వని కర్ణకఠోరం. క్షణికమైన శబ్దానికి చెవి తట్టుకునే హద్దు 140 డెసిబెల్స్ అని నిపుణుల లెక్క. మాగ్నమ్ రివాల్వర్లు ఆ హద్దును సునాయాసంగా దాటుతాయి. చెవులకు రక్షణ లేకుండా, నాలుగు గోడల మధ్య పేలిస్తే వినికిడికి శాశ్వతమైన హాని కలుగవచ్చు. మణికట్టుకు ఇచ్చిన ఉపశమనాన్ని ఈ తూటా చెవుల నుంచి కొంత వసూలు చేసుకుంటుంది.

రెండవది మీట. చిన్న రివాల్వర్ మీటను పూర్తిగా లాగాలంటే ఐదు కిలోల దాకా బలం కావాలి. తూటా ఎంత మృదువైనదైనా ఈ బరువు తగ్గదు. వయసు మళ్ళిన వేళ్ళకు, కీళ్ళవాతం ఉన్న చేతులకు అసలు అడ్డంకి అక్కడే ఉండవచ్చు.

మూడవది, అన్నింటికంటె పెద్దది, వ్యాపారం. తూటా అన్నది ఒంటరిగా బతకలేదు. దానికి తుపాకులు కావాలి; తుపాకులకు కొనుగోలుదారులు కావాలి; కొనుగోలుదారులకు చౌకగా, ఎక్కడపడితే అక్కడ దొరికే తూటాలు కావాలి. అంగడిలో తూటాలు లేవని జనం తుపాకి కొనరు. తుపాకి కొనలేదని కంపెనీలు తూటాలు చేయవు. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. 2020 నుంచి రెండేళ్ళపాటు అమెరికాలో తూటాల కరువు వచ్చినప్పుడు, కర్మాగారాలు ఎక్కువ గిరాకీ గల రకాలకే యంత్రాలను కేటాయించాయి. .327 వంటివి పంక్తి చివర నిలబడ్డాయి.

అయినా ఆలోచన చావలేదు. 2024లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ, జేబు రివాల్వర్లకు కొత్త మెరుగులు దిద్దుతూ, ఆరు అరల .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ నమూనాలను తెచ్చింది. నలభై ఏళ్ళ నాడు అనాథ అయిన తూటాకు, వంశానికి పేరుపెట్టిన ఇంటనే మళ్ళీ ఆశ్రయం దొరికింది.

మన దేశంలో .32

భారతదేశంలో లైసెన్సు గల పౌరులకు .32 అంటే ముందుగా గుర్తుకు వచ్చేది కాన్పూరు కర్మాగారాల రివాల్వర్. అది ఈ వంశంలో రెండవ తరమైన .32 లాంగ్‌నే పేలుస్తుంది. ఢిల్లీలో 2012లో జరిగిన ఘోరం తరువాత, స్త్రీల ఆత్మరక్షణకు అంటూ 2014 జనవరిలో విడుదల చేసిన 'నిర్భీక్' కూడా ఇదే తూటాకు నిర్మితమైనది. దాని బరువు అర కిలో. నాటి వెల 1,22,360 రూపాయలు. ఆ వెల ఎందరు స్త్రీలకు అందుబాటులో ఉంటుందన్న విమర్శ అప్పుడే వినవచ్చింది. 2023 ఆగస్టులో కాన్పూరునుంచే 'ప్రబల్' అనే మరొక .32 రివాల్వర్ వెలువడింది. ఆయుధాల చట్టం 1959 నాటిది. 2019 సవరణ తరువాత ఒక లైసెన్సుదారు వద్ద రెండుకు మించి తుపాకులు ఉండరాదు. ఇంత కట్టుదిట్టమైన దేశంలో .327 వంటి కొత్త తూటా చర్చ కేవలం కుతూహలమే అనిపించవచ్చు. కాని 'నిర్భీక్' లేవనెత్తిన ప్రశ్న, .327 జవాబివ్వబోయిన ప్రశ్న ఒక్కటే: బలం తక్కువైన చేతికి ఆయుధం లొంగేదెట్లా?

ఈ ప్రశ్నకు ఒక నీడ కూడా ఉన్నది. బలహీనమైన చేతికి లొంగే ఆయుధం ఏ చేతికైనా లొంగుతుంది. అది భయపడిన వృద్ధురాలి చేయి కావచ్చు; అలమారు తెరిచిన పసివాడి చేయి కావచ్చు; నిస్పృహలో మునిగినవాడి చేయి కావచ్చు. అమెరికాలో 2021 సంవత్సరంలో తుపాకి వల్ల మరణించినవారు 48,830 మంది. వారిలో 26,328 మంది తమ ప్రాణం తామే తీసుకున్నారు. సగానికి పైబడిన ఈ సంఖ్య ముందు తూటాల గుణదోషాల చర్చ చిన్నదైపోతుంది. ఇంట్లో ఆయుధం ఉన్నచోట తాళం వేసిన పెట్టె, తూటాలకు వేరొక చోటు, తాళంచెవి ఎవరి వద్ద ఉండాలన్న తెలివిడి, ఈ మూడింటికీ ఏ కొత్త తూటా బదులు కాదు.

అయినప్పటికీ .327 నేర్పే పాఠం పనికిరానిది కాదు. అదుపు తప్పిన గుండు ఎవరినైనా తాకవచ్చు. గోడ అవతల ఉన్న నిరపరాధిని కూడా. ఆయుధం చేతబట్టే హక్కు చట్టం ఎవరికిచ్చినా, దానిని అదుపులో ఉంచుకునే బాధ్యత ఆ చేతిదే. ఆ చేతి శక్తికి మించిన ఆయుధం ధైర్యాన్ని ఇవ్వదు, భయాన్ని ఇస్తుంది. ఎంత పెద్దది మోయగలమని కాక, ఎంతవరకు మన అదుపులో ఉంటుందని ప్రశ్నించుకోవడంలో వివేకం ఉన్నది.

శిక్షకుని పరీక్షలో చివరకు నెగ్గేవాడు ఖాళీ తొడుగు మీద సుత్తి పడినప్పుడు గొట్టం చలించనివాడు. అతని కళ్ళు తెరిచే ఉంటాయి. ఎనిమిది మిల్లీమీటర్ల ఈ సన్నని గుండు ప్రపంచాన్ని జయించలేదు గాని, ఆ కళ్ళు తెరిపించడంలో కొంత సాయపడింది. దాని మేలు అంతే. అంతకు తక్కువా కాదు, ఎక్కువా కాదు.